కొత్తపేటలో అద్దె ఇల్లు, రెండు రకాల ‘కుదరదు’

రాజోలు నుంచి కొత్తపేటకి ఆ రోజు మేం బయలుదేరింది అద్దె ఇంటి కోసం. ఎనభైల మొదట్లో మాట. నా భార్య సుగుణకి కొత్తపేట బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆరో నెల. ఆ కడుపుతో రోజూ వెళ్ళి రావడం అయ్యే పని కాదు. సోమవారంలోగా ఇల్లు దొరక్కపోతే ఉద్యోగం వదులుకోవడమే. ఇప్పటిలా వంతెన లేదు. పాశర్లపూడి దాకా బస్సు, పంటు పడవ మీద వైనతేయ గోదావరి పాయ దాటితే బోడసకుర్రు, మళ్ళీ బస్సులో అమలాపురం, అక్కడ రావులపాలెం బస్సెక్కితే దారిలో కొత్తపేట. చార్జీలు ఇద్దరికీ కలిపి పది రూపాయల లోపే. తెల్లారగట్ల బయలుదేరినా చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, సుగుణ కాళ్ళు వాచిపోయాయి.

బస్టాండు పక్క కాఫీ హోటలాయన రెండిళ్ళు చెప్పారు. మొదటిది కొబ్బరికాయల వ్యాపారం చేసే సూర్రావుగారిది. ఆయన సుగుణ నుదుటి మీద బొట్టు లేకపోవడం చూసి, కూర్చోమని కూడా అనలేదు.

“కిరస్తానీలాండీ?”

“ఆయ్, అవునండి.”

“అయితే ఇవ్వనండి. మా తమ్ముడు మీ మతంలో కలిసేడు. మా నాన్న పోతే పాడె ముట్టుకోలేదు. అదేం దేవుడండీ? మీ పాటలు నా గోడ పక్కన వినపడకూడదంతే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. జవాబు చెప్పే ఓపిక లేక వచ్చేశాం.

రెండో ఇల్లు కామేశ్వరమ్మగారిది. సుగుణని చూడగానే “అయ్యో తల్లీ, ఈ ఎండలోనా!” అంటూ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు. “కిరస్తానీలైతే ఏంటండీ, దేవుడు ఒక్కడే కదా. మా అమ్మాయికి జొరం తగ్గితే నేనూ చర్చిలో కొవ్వొత్తి వెలిగించేను” అన్నారు. గది గాలీ వెలుతురూ ఉన్న గది. అద్దె కూడా మాకు అందేదే. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆవిడ అడిగారు, “రాజోలులో ఏ వీధండీ మీది? తాతగారు ఏం చేసేవారు?”

పాలేరుతనం చేసేవాడనీ, మాది ఊరవతలి హరిజనపేట అనీ చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు చెదరలేదు.

“దానికేమందండీ, సుబ్బరంగా ఉండండి. నుయ్యి మాత్రం ముట్టుకోకండి. మా పనిమనిషి తోడి మీ బిందెలో పోస్తుంది.”

“నేను టీచర్నండి” అంది సుగుణ.

“మంచిదే కదమ్మా. పుట్టుక పుట్టుకే కదా మరి.”

సరే అనేద్దామనిపించింది నాకు. అంత అలసటగా ఉంది. సుగుణ మాత్రం గ్లాసు కింద పెట్టి లేచింది. రోడ్డు మీదకొచ్చి కల్వర్టు గట్టు మీద కూలబడింది.

“మొదటాయన దగ్గరికే పోదాం పదండి.”

“ఆయన మనల్ని తిట్టేడు కదే!”

“నేను నమ్మినదాన్ని తిట్టేడు. దానికి జవాబు చెప్పగలను. ఈవిడకి నా మీద కోపమే లేదండి. నేనేం చదివినా, ఎవరికి మొక్కినా ఈవిడ లెక్కలో మారదు. ఏమని చెప్పను?”

పేపర్లో జాతి వివక్ష అన్న మాట చూసినప్పుడల్లా అది ఎక్కడో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య గొడవ అనుకునేవాణ్ణి. మతద్వేషం, అదీ ఒకటేలే అనుకునేవాణ్ణి. కాదు, మతద్వేషం మన నమ్మకం మీద పడుతుంది, జాతి వివక్ష మన పుట్టుక మీద. రెండూ మనిషిని గుమ్మంలోనే ఆపుతాయి. కానీ రెండోదాన్ని మజ్జిగ ఇచ్చి కూడా చేయొచ్చని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

సూర్రావుగారు మమ్మల్ని చూసి మొహం చిట్లించారు. “మళ్ళీ వచ్చేరేంటండీ?”

“మీ తమ్ముడు చేసింది తప్పేనండి” అంది సుగుణ. “మా పెదనాన్నది మీ మతమే. ఆయన పోతే చర్చికెళ్ళే మా అన్నయ్యలే పాడె మోసేరు. ఏ దేవుడూ అడ్డం రాలేదు. పాటలు మెల్లగా పాడుకుంటాం. ఇంకోటండి, మేం పేటవాళ్ళం. మీ నూతిలో నీళ్ళు తోడుకోవచ్చా? ముందే చెప్పండి.”

ఆయన నూతి వైపు చెయ్యి చూపించి, విసుగ్గా అన్నారు.

“ఏ పేటని నేనడిగేనా? చేంతాడు పాతది, చూసి తోడుకోండి. పాటలు మాత్రం మెల్లగానే.”

సుగుణ ఉద్యోగం నిలబడింది. అలాగని సూర్రావుగారిని మంచివాడని రాయలేను. కడుపుతో ఉన్న మనిషిని ఎండలో తిప్పి పంపినవాడాయన. అక్కడ ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం మేం చర్చికి బయలుదేరుతుంటే మా దేవుణ్ణి తిడుతూనే ఉన్నారు. సుగుణ గుమ్మంలో ఆగి జవాబు చెబుతూనే ఉంది. తిట్టే ఇల్లా, మర్యాదగా దూరం పెట్టే ఇల్లా అని ఎంచుకోవాల్సి రావడమే మా అలసట. ఇన్నేళ్ళయినా అది పూర్తిగా తీరలేదు. కొత్త ఊళ్ళో ఇల్లు వెతుక్కునేవాళ్ళకి ఒకే ఒక్క సలహా. అద్దె ఎంతని అడిగేముందు, నీళ్ళు ఎవరు తోడాలో అడగండి.