కూలర్ ఆపింది నేనే

అన్నకు చెవి పోయిందని నంద్యాల చర్చి అయ్యగారు అన్నప్పుడు నేను కాదనలేదు. పైగా "వయసు మీద పడింది కదయ్యా" అని వంత పాడాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

అన్నంటే తోడబుట్టినవాడు కాదు. పియానో శ్రుతి చెయ్యడం నాకు నేర్పినవాడు. ఆయన ఆళ్లగడ్డలో ఉండేవాడు, నేను నంద్యాలలో. మా వైపు పియానోలే నాలుగైదు, అందుకని మిగతా రోజుల్లో ఇద్దరం హార్మోనియంలు బాగుచేసుకుని బతికేవాళ్లం. పియానో పని ఉందంటే మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నే బస్సు దిగేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం, ఆయన శ్రుతి చేసిన చర్చి పియానో పది రోజులు తిరగకముందే శ్రుతి పైకెక్కి తప్పింది. మళ్లీ చేశాడు. మళ్లీ తప్పింది. మూడోసారి ఆదివారం ఆరాధనలో పాడేవాళ్లు పాట మధ్యలో ఆపేసి వెనక బెంచీలో ఉన్న ఆయన వైపు చూశారు. బయటికొచ్చాక నాతో ఒకటే మాటన్నాడు.

"ఇంక నన్ను పిలవొద్దని చెప్పప్పా. నా చెవి మీద నాకే నమ్మకం పోయింది."

అప్పటికి నంద్యాలలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. దేశదేశాల పియానో పనివాళ్లు కష్టసుఖాలు మాట్లాడుకునే సైటు ఒకటి నాకు దొరికింది. అక్కడ అడుగుతానంటే ఆయన చిరాకుపడ్డాడు.

"యవురప్పా వాళ్లు? మన పియానో చూసినారా?"

"లేదన్నా."

"నన్ను చూసినారా?"

"లేదు."

"మరి వాళ్లకేం తెలుస్తాది?"

అయినా నాకొచ్చిన ఇంగ్లీషులో జరిగిందంతా రాశాను. నాలుగు రోజులకు ముక్కూమొహం తెలియని ఒకాయన జవాబిచ్చాడు. 'ముందు మీ గురువుగారి చెవిని అనుమానించడం మానండి. ప్రతిసారీ శ్రుతి పైకే పోతోందంటే తప్పు పియానో లోపలి చెక్కది. దగ్గర్లో తడిగాలి కొట్టేది ఏమైనా ఉందా?'

ఉంది. పియానో వెనక కిటికీలో, ఆ వేసవికే కొన్న పెద్ద కూలర్. రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం ప్రార్థన కూటాలు అయ్యేదాకా తిరిగేది. ఆ తేమకు లోపలి చెక్క ఉబ్బి తీగలు బిగుసుకునేవి. మేం పనికి కూర్చున్నప్పుడు దాని మోతలో స్వరం వినబడదని ఆపేవాళ్లం. స్విచ్ ఆపింది ప్రతిసారీ నేనే. పనయ్యాక సామాను సర్దుకుంటూ మళ్లీ వేసిందీ నేనే. అంత దగ్గర నిలబడి కూడా నాకు తట్టలేదు. ఆయన చెవి పోయిందనడం మాత్రం ఎంత తొందరగా తట్టింది!

జవాబు ప్రింటు తీయించుకుని పరుగున ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అరుగు మీద కూర్చోబెట్టి, కాగితంలో ఉన్నదంతా తెలుగులో చెప్పాను. కూలర్ సంగతీ చెప్పాను. ఆయన తల ఊపాడు.

"మొదటి మాట ఇంకోసారి చదువప్పా."

చదివాను.

"నా చెవి మీద అనుమానమని వాళ్లకు యవురు చెప్పినారు?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన కోప్పడలేదు. లోపలికెళ్లి, ఇన్నాళ్లూ తను శ్రుతి చూసుకున్న ట్యూనింగ్ ఫోర్కు తెచ్చి నా చేతిలో పెట్టి, "బస్సుకు టైమైతాంది, పో" అన్నాడు.

తర్వాత అయ్యగారే స్వయంగా వెళ్లి బతిమాలినా ఆయన నంద్యాల రాలేదు. కూలర్ తీయించి ఆ పియానో నేనే శ్రుతి చేశాను. వేసవి దాటేదాకా నిలిచింది.