ప్రకాశం కాచిన సూపు

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా జీవితమంతా పనిచేసిన ప్రకాశానికి యాభై దాటేదాకా పొయ్యి వెలిగించడం తెలీదు. భార్య సుగుణ ఆ అవసరం రానివ్వలేదు. పాలకొల్లు నుంచి కాపురానికి రాయపూర్ వచ్చిన నాటి నుంచీ గుఢియారీలోని ఆ రెండు గదుల ఇంట్లో వంట ఆమెదే. తొంభై ఏడు వేసవిలో ఆమెకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఉప్పు బాగా తగ్గించాలనీ, నీళ్లు కూడా కొలిచే తాగాలనీ డాక్టరు చెప్పాడు.

పక్కింటి పైడమ్మ చప్పిడి కూర చేసి పంపుతానంది. నా భార్యకి నేను చేసిపెట్టుకోలేనా అని ప్రకాశం ఒప్పుకోలేదు. ఇంట్లోని ఊరగాయలు, అప్పడాలు అన్నీ తీసి పైడమ్మకే ఇచ్చేశాడు. అన్నమైతే ఎలాగో ఉడికింది గానీ కూర మాడిపోయింది. అప్పుడు స్టేషను దగ్గరి దుకాణంలో సూపు పొట్లాలు కనిపించాయి. నీళ్లలో కలిపి మరిగిస్తే చాలన్నాడు దుకాణదారు, జబ్బు మనుషులకి తేలిగ్గా అరుగుతుందని కూడా అన్నాడు. వాటితోపాటు వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, డబ్బాలో వండి పెట్టిన కూర తెచ్చాడు.

సుగుణ ఒక గుక్క తాగి అతని వంక చూసింది. బాగుందండీ అంది. ప్రకాశం పొంగిపోయాడు. ఇక పూటపూటకీ అవే. ఆమెకి తక్కువవుతుందని తను ఒక్క చెంచా కూడా రుచి చూడలేదు.

వారం తిరక్కుండానే ఆమెకి దాహం పట్టుకుంది. నాలుక పిడచగట్టుకుపోతోందని, గుక్కెడు నీళ్లిమ్మని బతిమాలేది. ప్రకాశం ఇచ్చేవాడు కాదు. ఒకనాడు మొహం కడుక్కునే చెంబులో నీళ్లు తాగుతుంటే చూసి, చెంబు లాక్కుని, చంటిపిల్లవా అని కేకలేశాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని వెళ్లి పడుకుంది. కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏం పెడుతున్నారని అడిగితే, ప్రకాశం పొట్లాల సంగతి చెప్పి, నేను మాత్రం రవ్వంత ఉప్పు వెయ్యను అన్నాడు గర్వంగా. డాక్టరు రాస్తున్న చీటీ పక్కన పెట్టాడు. ఆ పొట్లాల్లోనూ డబ్బాల్లోనూ ఉప్పు ముందే దండిగా కలిపి ఉంటుందని హిందీలో మెల్లగా చెప్పాడు.

ప్రకాశం వార్డులోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఉప్పగా ఉందని నీకు తెలీలేదా సుగుణా?"

"తెలిసింది. డాక్టర్‌సాబ్‌ని అడిగే తెచ్చారనుకున్నా."

"నాతో ఒక్కమాట అనాల్సింది."

"ఇన్నేళ్లకి మీ చేత్తో వండిపెట్టారు. బాలేదని ఎలా అంటానండీ?"

ఇంటికొచ్చాక ఆమె గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఉప్పు లేకుండా బీరకాయ ఎలా మగ్గించాలో, జీలకర్ర ఎంత వెయ్యాలో చెప్పేది. అతను నేర్చుకున్నాడు. తీరా చెయ్యి కుదిరేసరికి ఆమెకి అన్నమే సయించడం మానేసింది. వానలు మొదలైన వారంలో పోయింది.

జబ్బు అప్పటికే ముదిరిందని, ఎలాగూ దక్కేది కాదని డాక్టరన్నాడు, పాస్టరుగారూ అన్నారు. ప్రకాశం వాదించలేదు. ఆమె ఇంకెన్నాళ్లు బతికేదన్నది కాదు అతన్ని తినేస్తున్నది. ఆ దాహం తను తెచ్చిపెట్టిందే, దానికే ఆమెని తిట్టాడు. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, మూస్తే ఆ చెంబు కనబడుతుందని అతనొక్కడూ కళ్లు తెరుచుకునే కూర్చునేవాడు.