పెదనాన్న వేసిన బోదెలు

చోలో కొండల కింద మా ఊళ్లో మగవాళ్లందరిదీ ఇల్లరికమే. నేల ఆడవాళ్లది, తల్లి నుంచి కూతురికి వస్తుంది. మక్వింజా పెదనాన్న కూడా అలాగే ఒక పార పట్టుకుని మా ఎనెలెస్ పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. అప్పట్లో వాగు దాకా అడవేనట. నలభై ఏళ్లు ఆ ఏటవాలు నేలతో కుస్తీ పట్టాడు. మట్టి జారకుండా అంచు వెంబడి చెట్లు నాటాడు. ఏటా మొక్కజొన్నకీ కందికీ తాడు పట్టినట్టు బోదెలు వేశాడు. పుట్టిన ఇద్దరూ కొడుకులే. వాళ్లూ పెళ్లాల ఊళ్లకు పోయారు.

మా అమ్మ వాటాను మేం ఐదుగురు అక్కచెల్లెళ్లం పంచుకుంటే నాకు తొమ్మిది బోదెలు వచ్చాయి. నాకు పిల్లలూ ఐదుగురే. అక్టోబరు కల్లా పిండి డబ్బా అడుగు గోకడమే.

పోయినేడు పెద్దమ్మ పోయింది. మైల తీరిన రోజు ఆవిడ తమ్ముడు, మా కజెంబే మామ, ఆచారం ప్రకారం అందరి ముందూ అన్నాడు: "బావా, మా అక్క లేదు. ఇక నువ్వు మీ అమ్మ ఊరికి వెళ్లొచ్చు."

ఈ మాట అనడం, భార్య పోయినాయన సరేననడం, మళ్లీ అదే గుమ్మంలో కూర్చోవడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. ఎవరూ ఎవరినీ పంపింది లేదు. పెదనాన్న కూడా "సరే" అని, పెట్టిన కోడికూర తిని, మర్నాడు పార భుజాన వేసుకుని పొలానికి వెళ్లాడు.

వెనకాలే మామా, నేనూ వెళ్లాం.

"ఏంటి బావా, ఇంకా బయల్దేరలేదా?"

"వేళాకోళమా? నేను పోతే నీకు పొగాకు ఎవడిస్తాడోయ్?" అని పెదనాన్న నవ్వాడు.

మామ నవ్వలేదు. "ఈ పొలం చెక్క ఈ పిల్లకిచ్చేశాం బావా."

పెదనాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. పొమ్మంటున్నావా?"

ఛీ, నా నోరు పడిపోను! కాదనలేదు. "అందరికీ ఇరుకైపోయింది పెదనాన్నా" అన్నాను.

"అక్కడ మాత్రం నాకెవరు చోటిస్తారే? నా చెల్లెలి కూతుళ్లూ నీలాగే గంపెడు పిల్లల్ని కన్నారు." ఇంటికొచ్చి చాప చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన చెట్లు కొట్టి బొగ్గు కాల్చాను. ఆ చోట మూడు బోదెలు ఎక్కువ వేసుకున్నాను. మొదటి పెద్ద వానకే అంచు విరిగి ఐదు బోదెలు వాగులోకి జారిపోయాయి. చేసింది నేనే, ఎవర్ని తిట్టను?

జనవరిలో పెదనాన్న వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయాయి. లోపలికి రాకుండా బయటే నిలబడి, "కూలి పనేమైనా ఉందా అండీ?" అన్నాడు. చిన్నప్పుడు నన్ను భుజాన మోసిన మనిషి!

విరిగిన అంచు చూపించాను. సాయంత్రం దాకా మట్టి ఎత్తి కట్ట వేశాడు. చెట్ల సంగతి ఒక్క మాట అడగలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

కూలి ఒక గిన్నె పిండి. ఆయన చెట్ల బొగ్గు అమ్మి కొన్న పిండే. గిన్నె నిండా ముంచాను. పైన కుప్పగా లేచినదాన్ని ఆయన చూస్తుండగానే అరచేత్తో చదునుగా తోసేసి, చేతికంటింది కూడా మా డబ్బాలోకే దులుపుకున్నాను.