చిటికెన వేలి బ్రేకు

బేకరీలో ఆమెను అందరూ తూనీగ అనే పిలిచేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఆదివారం సైకిల్ బృందం వాళ్లు. మనిషి సన్నం, నడుస్తుంటే కాలు నేలకు ఆనినట్టుండదు, ఇక సైకిలెక్కితే చెప్పనక్కర్లేదు. ఆ పేరును ఎవరో మోసుకొచ్చి బేకరీలో పడేశారు, అక్కడ అంటుకుంది. కట్టుకున్నవాడు కూడా కోపం వచ్చినప్పుడు తప్ప అసలు పేరుతో పిలవడు.

ఒక వేసవిలో, పిండిని పలచగా సాగదీసే రోలర్ల మధ్య గుడ్డపేలిక ఇరుక్కుంది. దాన్ని లాగబోయి తూనీగ కుడిచేతి చూపుడు వేలూ నడిమి వేలూ పోగొట్టుకుంది. గాయం మానింది, పని మానలేదు. రోలర్ల దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి మారింది. బన్నుల ట్రేలు లాగడానికి మిగిలిన వేళ్లు సరిపోయాయి. సైకిలుకే సరిపోలేదు.

ఆమెది సన్నటి టైర్లు, ముందుకు వంగిన హ్యాండిలు ఉన్న రోడ్డు సైకిలు. అలాంటివాటికి బ్రేకూ గేరూ ఒకే మీటలో ఉంటాయి. మీటను వెనక్కి లాగితే బ్రేకు, లోపలికి నెడితే గేరు. వెనక చక్రం గేర్లన్నీ కుడి మీటలోనే, అదీ సరిగ్గా ఆ పోయిన రెండు వేళ్లతో నెట్టాల్సిన చోట. చెయ్యి నయమయ్యాక ఒక ఉదయం ధైర్యం చేసి నీళ్ల ట్యాంకు కొండ వైపు వెళ్లింది. గేరు మారక సగం నుంచే దిగి నడిచింది. తిరిగొచ్చేటప్పుడు ఉంగరం వేలూ చిటికెన వేలూ కలిపి ఎంత బలంగా లాగినా కుడి బ్రేకు పట్టలేదు, ఎడమ బ్రేకు ఒక్కటీ ఆ వాలుకు చాలలేదు. మలుపు దగ్గర రోడ్డు వదిలేసి కంచె మొక్కల్లోకి దూసుకుపోయింది. ఒళ్లంతా గీరుకుపోవడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు కానీ, మళ్లీ ఎక్కకుండా ఇంటిదాకా సైకిలు నడిపించుకునే వచ్చింది.

ఆ రోజు నుంచి సైకిలు వంటగది పక్క గోడకు వేలాడింది. అత్తగారు దాని మీద తువ్వాళ్లు ఆరేసేది. తూనీగ ఏమీ అనేది కాదు. అలా ఏమీ అనకపోవడమే భర్తకు కష్టంగా ఉండేది.

అతనిది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగించే పని. మాటలు తక్కువ. ఒక సాయంత్రం తువ్వాళ్లు తీసి మడిచిపెట్టి, "ఫ్రేము బాగానే ఉంది కదా. లోపలి సామాను మార్పిస్తే సరిపోదూ?" అన్నాడు.

"సామానంటే మాటలా? దాని ఖరీదు సైకిలంత ఉంటుంది."

"ఫ్రిజ్ కోసం దాచింది ఉందిగా. పాతది ఇంకా చల్లబరుస్తూనే ఉంది."

మర్నాడు పని ముగించుకుని, ఒంటికంటిన పిండి దులుపుకుని, సైకిలు నడిపించుకుంటూ రైలు వంతెన కిందున్న దుకాణానికి వెళ్లింది.

ఆ దుకాణం నడిపే ఆవిడ భారీ మనిషి. మోకాళ్ల నొప్పుల వల్ల తను సైకిలెక్కి ఎన్నేళ్లయిందో తనకే గుర్తులేదు. "తినేవాళ్లకి వండిపెట్టేదాన్ని, నేను తినను" అంటుంది ఎవరైనా అడిగితే. ఆవిడ తూనీగ చేతిని జాలి లేకుండా, చెప్పుల కొలత తీసుకున్నట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అద్దాల బీరువా పక్కన స్టాండుకు బిగించి ఉన్న సైకిలు చూపించింది.

"అక్కడ బొత్తాం కనిపిస్తోందా? ఊరికే ముట్టుకో. నొక్కక్కర్లేదు."

తూనీగ పెడలు తిప్పుతూ చిటికెన వేలు ఆనించింది. సన్నగా చీమ మూలిగినట్టు ఒక చప్పుడైంది, అంతే, గొలుసు ఒక పళ్లచక్రం మీంచి పక్కదాని మీదికి వెళ్లి కూర్చుంది. మళ్లీ ముట్టుకుంది, మళ్లీ జరిగింది. తీగ లేదు, లాగడం లేదు. తన వేలికీ ఆ గొలుసుకూ మధ్య ఏమీ కనిపించడం లేదు. తలచుకుంటే చాలు జరిగిపోతున్నట్టుంది. దుకాణం ఆవిడ ఇద్దరు మనుషులకు టైర్లు అమ్మి వచ్చేసరికి కూడా తూనీగ అక్కడే నిలబడి గేర్లు మారుస్తోంది.

"బ్యాటరీ అయిపోగొడతావా ఏంటి?" అంది ఆవిడ.

"ఇదే కావాలి అక్కా."

ఆవిడ లెక్క కట్టి చూపించింది. ఫ్రిజ్ డబ్బు మొత్తం పోస్తే ఆ బొత్తాల సెట్టు వస్తుంది, దానితో ఆఖరు. పాత తీగ బ్రేకులు అలాగే ఉంటాయి, తక్కువ బలానికే పట్టే నూనె బ్రేకులకి ఏమీ మిగలదు.

"బ్రేకులు తర్వాత చూసుకుంటాను."

"చూడమ్మాయ్, గేరు పడకపోతే దిగి నడుస్తావు. బ్రేకు పడకపోతే ఎక్కడ దిగుతావు?"

తూనీగకు కంచె మొక్కలు గుర్తొచ్చాయి. అయినా మనసు బొత్తాల దగ్గరే ఆగిపోయింది. ఏమీ తేల్చకుండా ఇంటికొచ్చేసింది. ఆ వారమంతా పొయ్యి ముందు నిలబడి ట్రేలు లాగుతూ, ఆ చీమ మూలుగు చప్పుడే చెవిలో వింటూ గడిపింది. చేతిలో ఉన్నదేమో ఒకటే కోరిక తీర్చగలదు, కోరికలు రెండు. బొత్తాలు కొంటే పైకి వెళ్లగలదు. బ్రేకులు కొంటే కిందికి రాగలదు. పైకి వెళ్లనిదానికి కిందికి రావడం ఎందుకు?

వారం చివర ఆ మాటే దుకాణంలో అడిగింది. ఆవిడ నవ్వి, గుంజీలు తీసినంత కష్టపడి బల్ల కింది అరలోంచి ఒక వస్తువు తీసింది. బొటనవేలంత పొడవున్న చిన్న ఇనుప మీట.

"ఇది పాతకాలపు రకం. ఎవరూ అడగరు కాబట్టి కారుచౌక. హ్యాండిలు ఎడమ కొసకి బిగిస్తాను. వెనక గేర్లన్నీ నీ ఎడమచేతికి వచ్చేస్తాయి. ముందు పళ్లచక్రాలు రెండున్నాయి కదా, ఒకటి తీసేస్తాను. అప్పుడు కుడిచేతికి గేరు పనే ఉండదు. వెనక మాత్రం పెద్ద పళ్లచక్రాలున్న సెట్టు వేద్దాం, ఎక్కేటప్పుడు కాళ్లకి తేలిక. మిగిలిన డబ్బంతా బ్రేకులకే."

"దీంట్లో టిక్కుమని చప్పుడే రాదే. గేరు పడిందని ఎలా తెలుస్తుంది?"

"గొలుసు గొణుగుతుంది. గొణుగుడు మానేదాకా సర్దుతూ ఉండు. అంత కాపురం చేసినదానివి, ఆమాత్రం తెలీదూ?"

బ్రేకులు బిగించేటప్పుడు తూనీగ దగ్గరే నిలబడి చూసింది. చేతి మీట నుంచి వచ్చేది మామూలు తీగే. కానీ చక్రం దగ్గర అది ఒక చిన్న డబ్బాలోకి వెళుతుంది, అక్కడి నుంచి పని నూనెది. చిన్నగా లాగిన లాగుడును ఆ నూనె పెద్ద నొక్కుడుగా మార్చి చక్రానికున్న ఉక్కు పళ్లేన్ని రెండు వైపులా అదిమి పట్టుకుంటుంది. వెనక గేర్ల సెట్టును చేతిలో పెట్టుకుని చూస్తే ఒక్కో పన్నూ ఒక్కో తీరుగా చెక్కి ఉంది. కొన్నింటి పక్కన గొలుసు ఎక్కడానికి గోరంత మెట్లు కూడా ఉన్నాయి. ఎక్కడో ఎవరో కూర్చుని, గొలుసు ఎక్కడ కాలు పెట్టాలో ముందే ఆలోచించి పెట్టారు. ఇన్నేళ్లు తొక్కింది కానీ, కాళ్ల కింద ఇంత ఆలోచన తిరుగుతోందని ఆమెకు తెలియదు.

ఆవిడ చక్రాన్ని బలంకొద్దీ తిప్పి, "చిటికెన వేలితో" అంది.

తూనీగ కుడి చిటికెన వేలు మీట మీద వేసి దగ్గరికి తీసుకుంది. గిర్రున తిరుగుతున్న చక్రం కిక్కురుమనకుండా ఆగిపోయింది. ఆ బలం తనదని నమ్మడానికి కాసేపు పట్టింది.

మొదటి రోజుల్లో ఆ ఇనుప మీట ఏడిపించింది. ఎక్కువ తిప్పితే గొలుసు రెండు మెట్లు దూకేది, తక్కువ తిప్పితే గరగరమనేది. వీధిలో కుక్కలు కూడా తిరిగి చూసేవి. పోనుపోను ఎడమచేతికి పట్టు దొరికింది. గరగర మొదలవగానే చెయ్యి తనంతట తానే సర్దేది. బొత్తాల మీద మనసు పూర్తిగా పోయిందని చెప్పలేం కానీ, ఇనుప మీట మీద పగ మాత్రం పోయింది.

ఒక సెలవు రోజు పొద్దున్నే కొండకు బయలుదేరింది. వద్దంటే వినదని తెలిసి, భర్త స్కూటరు మీద వెనకే వచ్చి కొండ కిందే ఆగిపోయాడు. పైదాకా వస్తే తన భయం ఆమెకు అంటుతుందేమోనని.

కిందటిసారి దిగి నడిచిన చోట మీట చివరిదాకా తిప్పింది. గొలుసు కాస్త గొణిగి, అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కి సర్దుకుంది. కాళ్లు ఒక్కసారిగా తేలికయ్యాయి. సైకిలు నడకకన్నా కొంచెమే వేగంగా, కానీ ఎక్కడా ఆగకుండా ఎక్కింది. ట్యాంకు గోడ దగ్గర దిగి, చెమట తుడుచుకోకుండానే కిందికి చూసింది. తను ఎక్కివచ్చిన రోడ్డు చెట్ల మధ్య సన్నగా, ఎవరో పారేసిన దారంలా పడి ఉంది. అదంతా తన కాళ్లే ఎక్కాయి.

దిగేటప్పుడు గాలి చెవుల్లో హోరెత్తింది. మలుపు ముందు వేళ్లు దగ్గరికి తీసుకుంది. సైకిలు ఎవరో వెనక నుంచి మెత్తగా పట్టుకున్నట్టు నెమ్మదించింది. వదిలితే పరుగెత్తింది, పడితే ఆగింది. కంచె మొక్కలు పక్క నుంచి వెళ్లిపోయాయి.

కొండ కింద స్కూటరు ఎదుటికి వచ్చి తూనీగ చప్పుడు లేకుండా సైకిలు ఆపింది. భర్త లేచి నిలబడ్డాడు. వంగి, బ్రేకు పళ్లెం వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు, కాలుతుంది."

అతను అరచేతిని దగ్గరగా పెట్టి ఆపాడు. పొయ్యి దగ్గర పెట్టినట్టే సెగ తగిలింది.

"ఇంత వేడి ఎక్కడిది?"

"అది నేనే" అంది తూనీగ. "నేను వచ్చిన వేగం అంతా అక్కడికే వెళ్లింది."

అతను చెయ్యి తీయలేదు. ఆ సెగ చల్లారేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన అలాగే ఉండిపోయారు.