తమ్ముణ్ణి నేనే అడిగాను

మా తమ్ముడికి రెండున్నరేళ్లు. తిను అంటే తినడు, పండుకో అంటే పండుకోడు. అమ్మ పోయాక వాడు నా నెత్తిన పడ్డాడు. నాకు పదేళ్లు. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. నాలుగు దినాలు వాడితో వేగాక ఒక కిటుకు దొరికింది. వాడికి చెప్పకూడదు, అడగాలి. "రొట్టె తింటవా, గటుక తింటవా?" అంటే పెద్దమనిషిలా ఆలోచించి "గటుక" అనేవాడు. తిప్పి అడిగితే "రొట్టె" అనేవాడు. ఏది చివర వినబడితే అదే వాడికి ఇష్టం. ఇంట్లో జొన్నరవ్వ ఉడకేసిన గటుక తప్ప ఏమీ లేని రోజున కూడా రెండూ అడిగేదాన్ని. ఈ సంగతి నాయినకు చెప్పలేదు. వాణ్ణి భలే దారికి తెచ్చిందని మేడ్చల్‌లో మా వాడకట్టంతా మెచ్చుకుంటుంటే ఎందుకు చెప్తాను?

అమ్మ పోయిన నెలకు మాసికం పెట్టినప్పుడు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, బండి కట్టుకొని వచ్చింది. పెళ్లయి పదేళ్లయినా ఆమె కడుపు పండలేదు. పిల్లవాణ్ణి ఇమ్మని నాయిన ముందు కొంగు చాపింది. నాయిన ఇయ్యలేడు, కాదనలేడు. పొద్దున పోతే మాపటికి వచ్చే కూలి మనిషి.

"పసి నోట్లె దేవుడు పలుకుతడంటరు. వాణ్ణే అడుగుదాం" అన్నాడు చివరికి.

నిజాం కాలంలో మా పెద్దలకు అదొక అలవాటు, తెగని మాట పసిపిల్లల మీద పెట్టడం. బావి ఎక్కడ తవ్వాలో కూడా అట్లనే అడిగారు. అందులో నీళ్లు పడలేదు, అది వేరే సంగతి.

"నువ్వడుగు బిడ్డా. నీ మాటయితే ఇంటడు" అన్నాడు నాతో.

ఆ పొద్దున్నే వాడు నా చెయ్యి కొరికాడు. గిన్నె తన్ని గటుకంతా నేలపాలు చేశాడు. నెల రోజులుగా నేను నా ఈడు పిల్లలతో ఆడిందే లేదు. ఒళ్లు మండిపోతోంది.

"నా కాడ ఉంటవా, చిన్నమ్మతోని పోతవా?"

తెలియక అడగలేదు. తెలిసే అడిగాను.

"చిన్నమ్మ" అన్నాడు వాడు.

నాయిన కండ్లు తుడుచుకొని పైకి చూసి దండం పెట్టాడు. బండి కదిలాక తమ్ముడు నా వైపు చేతులు చాచి ఏడ్చాడు. నిజం చెప్పి ఉంటే బండి ఆగేది. నేను నోరు విప్పలేదు.

వారం రోజులు తనివితీరా ఆడుకున్నాను. ఎనిమిదో నాడు గటుక వండి, ఎవరినీ ఏమీ అడిగే పని లేక, పొయ్యి ముందు కూర్చొని ఏడ్చాను.

సీతాఫలాలు వచ్చే కాలానికి నాయినను పోరి పోరి బయల్దేరదీశాను. శామీర్‌పేట మీదుగా నడిచి వెళ్లాం. తమ్ముడు ఒళ్లు చేశాడు. నన్ను చూసి చిన్నమ్మ చీర చాటుకు పోయాడు. కాసేపటికి మాలిమై నా ఒళ్లో కూర్చొని పండు తిన్నాడు. చిన్నమ్మ నీళ్లకు పోయింది చూసి, నాయిన ముందరే అడిగాను, ఈసారి మాటలు జాగ్రత్తగా పేర్చుకొని.

"ఈడ ఉంటవా, నాతోని వస్తవా?"

వాడు గింజ ఉమ్మేసి, "ఈడ" అన్నాడు.

వినలేదేమోనని మళ్లీ అడిగాను, ఇంకా మెల్లగా. మళ్లీ "ఈడ" అన్నాడు. ఆ కొన్ని నెలల్లో వాడికి ఏం కావాలో వాడికి తెలిసిపోయింది.

"సూసినవా బిడ్డా, మనం తప్పు జేయలే" అన్నాడు నాయిన. అమ్మ పోయాక ఆయన ముఖం అంత తేటగా ఉండడం అదే మొదలు. ఆయన బతికున్నన్నాళ్లూ నేను ఆ మాట కాదనలేదు.