మూడు రెట్ల బలం

బంగారు గనులు మూతబడిన పద్నాలుగో ఏడు, ఏప్రిల్ నెల. వేమగల్ పారిశ్రామికవాడలోని ఒక విడిభాగాల కర్మాగారంలో నేను మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. ఆ నెల నాకు అప్పగించిన పని, యజమానిగారి పాత స్పోర్ట్స్ కారు బానెట్టుకు రెండు గ్యాస్ స్ట్రట్లు బిగించడం. ఫ్యాక్టరీకీ దీనికీ ఏం సంబంధమని అడగకండి. యజమాని కారుకు జలుబు చేసినా మందు వేయాల్సింది మెయింటెనెన్స్ శాఖే.

అంతకు ముందు నేను చాంపియన్ రీఫ్స్ గనిలో వైండింగ్ ఇంజను చార్జ్‌మన్‌ని. మనుషుల్ని ఇనుప పంజరంలో నిలబెట్టి షాఫ్టులోకి, అంటే గని నిలువు బావిలోకి దించి, పైకి లాగే యంత్రాలు మా చేతిలో ఉండేవి. ఆ పంజరాన్ని మోసే ఉక్కు తాడు, మోయాల్సిన బరువుకు ఎన్నో రెట్లు గట్టిగా ఉండాలన్నది మాకు వేదం. ఏ వస్తువు ఎంపికలోనైనా 'ఇంకాస్త గట్టిది' అనేవాణ్ణే మేము మంచి పనివాడిగా లెక్కవేసేవాళ్లం. గని పోయినా ఆ గర్వం నన్ను వదల్లేదు. వేమగల్‌లో అందరూ నాకు బొమ్మలు చేసేవాళ్లలాగా కనిపించేవారు.

ఇక ఆ కారు. ఎర్రటిది, రెండు సీట్లది, యజమాని కంటే వయసులో పెద్దది. ఏడాదికి నాలుగుసార్లు బయటికి వస్తే అందులో రెండుసార్లు లారీ మీదే తిరిగొచ్చేది. దాని బానెట్టు ఎత్తితే పడకుండా ఒక ఇనుప కడ్డీ ఆనించాలి. బెంగళూరు మిత్రుల కార్ల బానెట్లు వాటంతట అవే లేస్తాయట, మనవాడికి కడ్డీ పట్టుకోవడం నామోషీ అయింది. కారు నడవకపోయినా ఫరవాలేదు, మూత మాత్రం ఠీవిగా లేవాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

గ్యాస్ స్ట్రట్ అంటే మూసిన గొట్టంలో వాయువును అదిమి నింపి, దాన్లోంచి ఒక కడ్డీ బయటికి తోసుకొచ్చేలా చేసిన పరికరం. ఎంత బలంతో తోస్తుందో గొట్టం మీదే ముద్రించి ఉంటుంది. బానెట్టు బరువు, కీళ్ల నుంచి ఆ బరువు ఎంత దూరంలో ఉంది, స్ట్రట్ ఎక్కడ పట్టుకుంటుంది, ఇవి కొలిచి బలం ఎంచుకోవాలి. ఇది పద్ధతి. నేను బానెట్టు చూసి, చేత్తో ఒకసారి ఎత్తి, కావలసినదానికి సుమారు మూడు రెట్ల బలమున్నవి రాసిచ్చాను.

బిగించాల్సిన ఫిట్టరు మునెప్ప, బైరకూరు మనిషి. నలభై దాటినవాడు. ఇంటి దగ్గర రాగి చేను, రెండు ఆవులు, పట్టుపురుగులు. మూడేళ్లుగా కాంట్రాక్టులో ఉన్నాడు, ఆ నెలాఖరుకు పర్మనెంటు చేస్తామని మాట ఇచ్చారు. స్ట్రట్లు వచ్చిన రోజు అతను పట్టుగూళ్లు తూచే కొక్కెం కాటా తెచ్చి, బానెట్టు అంచుకు తగిలించి ఎత్తి చూశాడు.

"సార్, ముందర పక్క తొమ్మిది కేజీలే ఉండాది. మీరు రాసిండేది శానా ఎక్కువైతాది," అన్నాడు.

బలం ఎక్కువైతే నష్టమేమిటన్నాను.

"తాడైతే పని లేనప్పుడు ఊరికే ఉంటాది సార్. ఇది మూత మూసినా నెడతానే ఉంటాది. రాత్రీ పగలూ నెడితే ఆ పలచ రేకు ఇంగ యాడికి పోతాది?"

ఇంత తేటగా ఏ ఇంజనీరింగ్ కాలేజీ అయ్యవారూ నాకు చెప్పలేదు. దానికి నేనిచ్చిన జవాబు: "నువ్వు షాఫ్టు ఎన్నిసార్లు దిగినావప్పా?" ఒక్కసారీ దిగలేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అతను కాటాను సంచిలో పెట్టుకుని, నేను చెప్పినట్లే బిగించాడు. గొట్టం పైకి, కడ్డీ కిందికి, లోపలి నూనె సీలును తడుపుతూ ఉండేలా. రేకుకు వేసిన బోల్టు రంధ్రాల వెనక మందపు పట్టీలు వేసి. అంత శుభ్రమైన పని నేను గనిలోనూ తక్కువే చూశాను.

కారు మూడు రోజులు ఎండలో మూసి ఉంది. ఎండకు లోపలి వాయువు ఇంకా పొంగుతుంది. ఆదివారం యజమాని రేసుల టోపీ పెట్టుకుని, మిత్రుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బానెట్టు నడుమ అప్పటికే ఉబ్బి, పక్కన వేలు దూరేంత సందు తేలింది. అది ఎవరూ గమనించలేదు. ఆయన గొళ్లెం లాగాడు. మూత ఒక్క ఎగురు ఎగిరి టోపీని తీసుకెళ్లి రేడియేటరు మీద పడేసింది. కీళ్ల దగ్గర రేకు మడతపడి, ఎర్ర రంగు పెచ్చులుగా రాలింది. మిత్రులు నవ్వారు. యజమాని నవ్వలేదు.

సోమవారం జనరల్ మేనేజరు నన్ను పిలిపించాడు. పైపులు అమ్మి అమ్మి ఆ కుర్చీ దాకా వచ్చిన పెద్దమనిషి, స్ట్రట్‌కూ సైకిలు పంపుకూ తేడా తెలియదు. తప్పు జరిగితే నింపే కాగితాన్ని నా ముందుకు తోశాడు. అందులో 'పని చేసినవాడు' అని ఒకటే గడి. మునెప్ప పేరు, కింద 'రంధ్రాలు తప్పుగా వేయడం వల్ల' అని అప్పటికే రాసి ఉంది. కాంట్రాక్టు మనిషి కదా, నెలాఖరుకు పంపేస్తే సరిపోతుందని, శాఖకు మచ్చ ఉండదని మెల్లగా చెప్పాడు. గనిలో ఏ తాడు వాడాలో నిర్ణయించినవాడు మొదట సంతకం పెట్టాలి, బిగించినవాడు ఆ తర్వాత. అది నాకు తెలియని సంగతి కాదు. అయినా ధ్రువీకరిస్తూ సంతకం పెట్టాను. పదహారేళ్లు మనుషుల ప్రాణాలు తాడు మీద నడిపినవాణ్ణని చెప్పుకు తిరిగిన నేను, ఒక టోపీ ఎగిరిందని భయపడ్డాను. సిగ్గుచేటు.

కాగితం మునెప్పకు చూపించారు. సాయంత్రం అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొడవపడతాడనుకున్నాను.

"జి.ఎం. రాసినాడంటే రాసినాడు, ఆయప్పకు తెలీదు. మీరు కూడా అట్లే రాస్తిరా సార్?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆఫీసులో ఆ కాగితం అడిగి తీసుకుని, నా సంతకం కొట్టేశాను. పక్కన రాశాను: 'స్ట్రట్ల బలం నిర్ణయించింది నేను. బానెట్టు తూచలేదు. ఎక్కువైతాయని ఫిట్టరు ముందే చెప్పాడు, వినలేదు. రంధ్రాలు సరిగానే ఉన్నాయి.' జనరల్ మేనేజరు దీన్ని 'అనవసరమైన రాత' అన్నాడు. వారంలో నన్ను ఫోర్‌మన్ పని నుంచి తప్పించి స్టోర్స్‌కు పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే నట్లూ బోల్టులూ లెక్కపెట్టాను. మునెప్పను మూడు నెలలు ఆలస్యంగా పర్మనెంటు చేశారు. రేకు సాపుచేసి, అతని కాటా చెప్పిన బరువును బట్టి తక్కువ బలం స్ట్రట్లు తెప్పించి బిగించారు. స్టోర్స్‌లో వాటిని అతనికి అందించింది నేనే. ముద్ర చదివి, "సరిగ్గా ఉండాది సార్," అని సంతకం పెట్టి తీసుకున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తాడుకు అదనపు బలం రక్షణ, స్ట్రట్‌కు అదే బలం హాని. పని లేనప్పుడు ఆ వస్తువు ఏం చేస్తుందో ముందు అడగండి. అడిగేటప్పుడు సర్వీసు ఎక్కువున్నవాణ్ణి కాదు, తూచి చూసినవాణ్ణి అడగండి. మైళ్ల లోతుకు మనుషుల్ని దించానని గొప్పలు పోయిన నేను, ఒక మూత బరువు తూచలేదు.