పాము చూడని వాళ్లం

మొన్న మా కాలేజీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన సరదాగా ఒక పని పెట్టాడు, చూసిన సినిమాల్లో ఒక్కో రకం మీద రెండు ముక్కల్లో అభిప్రాయం రాయమని. అందరూ పాటలూ నవ్వులూ తలుచుకుని రాశారు. నాకు మాత్రం ఏ రకం సినిమా తలుచుకున్నా ముందుగా భయమే గుర్తొచ్చింది.

దెయ్యం లేదని తుమకూరు కాలేజీ చర్చాపోటీల్లో బల్ల గుద్ది వాదించిన నేను, దెయ్యాల సినిమా చూసి పావగడ నుంచి తిరిగివస్తే, బస్సు దిగింది మొదలు నిడుగల్లు పక్కనున్న మా ఊరు చేరేదాకా గట్టిగా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. పౌరాణికాల్లో దేవుడు వదిలిన చక్రం నేరుగా నా మెడకే వస్తున్నట్టుండేది. తప్పు చేయనివాణ్ణి కూడా తల దాచుకునేలా చేసేవాడు ఇంకేం దేవుడని ఆ తర్వాత చాలా వ్యాసాలు రాశాను. నేరపరిశోధన చిత్రమైతే పక్క కుర్చీలో దగ్గినవాడే హంతకుడు. ఫైటింగు సినిమాల్లో హీరో చితకబాదే గుంపులో ఒక్కడికైనా ఇంటి దగ్గర తల్లి ఉంటుందేమోనని దిగులు. అన్నిటికంటే వణికించినవి కుటుంబకథలు. మొగుడు తన్నినా వాడి కాళ్లే పట్టుకునే ఇల్లాలికి హాలంతా చప్పట్లు కొడుతుంటే, రేపు మా ఊళ్లో తగాదాలు తీర్చే పెద్దమనుషులు వీళ్లే కదా అనిపించేది. హాస్యచిత్రాలు మంచివే, సగంలో కరెంటు పోతుందేమోనన్న బెంగ తప్ప.

పాముల సినిమా వేరు. అది మా ఇంటి నోటికాడి కూడు తీయబోయింది.

నేను బి.ఏ. చదువుతున్న ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నేను తుమకూరులో పరీక్షలు రాస్తున్నప్పుడు మా అన్న శనక్కాయల చేని గట్టున జంట నాగుపాముల్లో ఒకదాన్ని కట్టెతో కొట్టి చంపాడట. రెండోది పొదల్లోకి జారుకుంది. కొట్టిన రోజు నవ్వుతూనే ఉన్నాడట. నేను సెలవులకు వచ్చాక అందరం పావగడ వెళ్లి మ్యాట్నీ చూశాం. అందులో మగపామును చంపినవాడి ముఖాన్ని ఆడపాము కళ్లలో దాచుకుని వెతికి వెతికి కాటేస్తుంది. హాలు బయటికి వచ్చేసరికి వదిన తాళి గుప్పిట్లో పట్టుకుని ఉంది. అన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

వారం తిరక్కుండా ఒక్క వాన పడింది. పండిన చెట్లు పీకాలంటే అదే అదను. నేల మళ్లీ గట్టిపడితే కాయలు మన్నులోనే తెగి ఉండిపోతాయి, ఏడాది గింజలు భూమి మింగేసినట్టే. ఊరంతా చేలల్లోకి దిగింది. వదిన మాత్రం గడపకు అడ్డంగా కూర్చుంది. ఆ సినిమా చూసిన కూలి ఆడవాళ్లూ మా చేను అంటే జంకారు.

పాము కంటికి అంత జ్ఞాపకం ఉంటే నాకంటే ముందు అదే బి.ఏ. పాసయ్యేదని వాదించాను.

“నీ డిబేట్లు తుమకూర్లో పెట్టుకోప్పా. తాళి నాది,” అంది వదిన.

మర్నాటి ఎండకు నేల పైపొర బిరుసెక్కడం మొదలైంది. వదిన పొయ్యి ముందు చాలాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి లేచింది.

“సినిమాలో ఆ పాము చంపినోని చెల్లెలి కాలి పక్కనే పోయినాది, ఏమన్నా చేసినాదా? మన చేన్లోదీ మీయన్న మొగమే చూసినాది. మన్ని యాడ చూసినాది? ఆయన ఇంట్లో సంగటి కెలుకుతాడు, మనం పోయి పీకుదాం. నువ్వు ఆ దినం ఊర్లోనే లేవు కదా, నువ్వే ముందు దిగల్ల.”

కూలి ఆడవాళ్లకు ఆ మాట నచ్చింది. అందరిముందు నేనే దిగాను. తీగల కిందికి చెయ్యి పెట్టాలి, కింద ఏముందో కనబడదు. దెయ్యం లేదని బల్ల గుద్దిన ఆ చేత్తోనే, అది నన్ను చూడలేదు, నన్ను చూడలేదు అని లోలోపల అనుకుంటూ చెట్టు మొదలు పట్టుకున్నాను. ఇంతలో ఆకుల్లో సరసరమంది. ఎప్పుడు ఎగిరానో తెలియదు, గట్టు మీద ఉన్నాను. బయటికొచ్చింది తొండ.

“ఏమప్పా, చదువుకున్నోడా! గట్టు మింద ఏం పీకుతాండావు?” అని ఒకామె అరిచింది. చేనంతా నవ్వింది. వదిన ఎన్నాళ్లకో నవ్వింది. ఆ నవ్వుతోనే అందరూ వరుసగా కూర్చున్నారు. నవ్వుతూనే ఉన్నారు, ఒక్కొక్క చెట్టూ పీకేముందు మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టారు. మూడొంతుల్లో రెండొంతులు బయటపడ్డాయి. మిగిలింది నేల తీసుకుంది. అన్న కెలికిన సంగటి ఉండలు కట్టినా ఎవరూ వంక పెట్టలేదు.

ఇప్పుడా చేలో సోలారు పలకలు నిలబడి ఉన్నాయి. పగబట్టే పాములను చూసి ఈనాటి పిల్లలు పకపకా నవ్వుతారు. జీవితమంతా అదే కోరి రాసినవాడిగా నేను సంతోషించాలి, సంతోషిస్తూనే ఉన్నాను. అయితే భయం ఎక్కడికీ పోలేదు, చూపు తగ్గుతున్న ఈ వయసులో అది వేరే వేషాల్లో వస్తూనే ఉంది. ఇప్పుడు అది వచ్చినప్పుడు నేనూ గదీ మాత్రమే ఉంటాం. గట్టు ఎక్కినా చూసి నవ్వేవాళ్లు లేరు.